పెంపుడు ఎలుక

పెంపుడు ఎలుక అనగా మనుషులు ఇళ్ళలో తోడు కొరకు పెంచుకొనే ఎలుక. ఇది గోధుమ రంగు ఎలుక (శాస్త్రీయ నామం: రాట్టస్ నార్వెజికస్) నుండి అనేక తరాల పెంపకం ద్వారా ఏర్పడిన సాధు రూపం. ఆంగ్లభాషీయులు దీనిని ఫ్యాన్సీ ర్యాట్ అంటారు. ప్రయోగశాలలలో కనిపించే తెల్ల ఎలుక కూడా ఈ జాతికి చెందినదే. ఇది తెలివైనది, శుభ్రత గలది, గుంపుగా జీవించేది. సాధారణ ఆయుర్దాయం 2 నుండి 3 సంవత్సరాలు.

వీటి జీవితం సుఖంగా సాగుతుందా లేదా అన్నది చాలావరకు తెచ్చుకొనే రోజునే నిర్ణయమవుతుంది. ఒంటరిగా తెచ్చిన ఎలుక, ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న ఎలుక, ఆడ మగ కలిపి తెచ్చిన జత - ఈ మూడింటి వల్ల కలిగే కష్టాలను తరువాతి సంరక్షణ పూర్తిగా తీర్చలేదు. కనుక ఎంపికకు సంబంధించిన వివరాలు ఈ వ్యాసంలో కొంత విస్తృతంగా ఇవ్వబడినవి.

వర్గీకరణ, పేర్లు

ఎలుకలు క్షీరదాలలో రోడెన్షియా క్రమానికి, మ్యూరిడే కుటుంబానికి చెందినవి. గోధుమ రంగు ఎలుక స్వస్థలం ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతాలని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు, ఇది నార్వే ఓడలలో ఇంగ్లాండుకు వచ్చిందనే అపోహతో దీనికి నార్వే పేరు పెట్టాడు. తరువాత పొరపాటని తెలిసినా ఆ పేరే నిలిచిపోయింది.

తెలుగులో ఎలుక అనే మాటను పలు జంతువులకు వాడుతుంటారు. వాటి మధ్య తేడాలు తెలిసి ఉండటం అవసరం.

* నల్ల ఎలుక (రాట్టస్ రాట్టస్): మన ఇళ్ళ కప్పులలో, ధాన్యపు కొట్లలో తిరిగేది. సన్నగా ఉంటుంది, తోక శరీరం కంటే పొడవుగా ఉంటుంది. పెంపుడు ఎలుక ఈ జాతి నుండి వచ్చినది కాదు.
* చిట్టెలుక: వేరే ప్రజాతికి చెందినది. పెరిగిన తరువాత కూడా సాధారణంగా 20 నుండి 40 గ్రాముల బరువే ఉంటుంది. తెల్ల చిట్టెలుకలను దుకాణాలలో తెల్ల ఎలుకలుగా పొరబడే అవకాశం ఉంది.
* పందికొక్కు: బాండికోటా ప్రజాతికి చెందిన పెద్ద అడవి ఎలుక. పెంపకానికి తగినది కాదు.
* చుంచు: ఇది ఎలుకల క్రమానికి చెందినదే కాదు, కీటకాలను తినే వేరొక క్షీరదం.

చరిత్ర

గోధుమ రంగు ఎలుక 18వ శతాబ్దంలో ఐరోపా అంతటా వ్యాపించింది. 19వ శతాబ్దపు ఇంగ్లాండులో ఎలుకలను గుంతలో వదలి కుక్కల చేత చంపించే పందేలు జరిగేవి. వీటి కొరకు ఎలుకలను వేల సంఖ్యలో పట్టేవారు. అలా పట్టినవాటిలో అప్పుడప్పుడు తెల్లనివి, మచ్చలు గలవి కనిపించగా కొందరు వాటిని చంపక వేరుగా పెంచసాగారు. విక్టోరియా రాణి కాలంలో ఎలుకలు పట్టే వృత్తిలో పేరుపొందిన జాక్ బ్లాక్ ఇటువంటి రంగు ఎలుకలను పెంచి అమ్మేవాడు. లండను పేదల జీవితంపై గ్రంథం రాసిన హెన్రీ మేహ్యూ ఇతనిని కలిసి అతని మాటలను నమోదు చేశాడు.

20వ శతాబ్దారంభంలో మేరీ డగ్లస్ అనే మహిళ కృషి వలన ఎలుకల పెంపకానికి గౌరవం ఏర్పడింది. ఈమె విన్నపంపై ఇంగ్లాండులోని చిట్టెలుకల పెంపకందార్ల సంఘం 1901లో తన ప్రదర్శనలలోకి ఎలుకలను అనుమతించింది. 1912లో ఆ సంఘం పేరులో ఎలుక కూడా చేరింది. 1921లో డగ్లస్ మరణానంతరం ఆసక్తి క్రమంగా సన్నగిల్లింది. మరల 1976లో బ్రిటనులో నేషనల్ ఫ్యాన్సీ ర్యాట్ సొసైటీ, 1983లో అమెరికాలో ఎలుకలు, చిట్టెలుకల పెంపకందార్ల సంఘం స్థాపించబడినవి.

ఇదే కాలంలో ఎలుక ప్రయోగశాలలోకి ప్రవేశించింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో గల విస్టార్ సంస్థలో 1906 నుండి అభివృద్ధి చేసిన తెల్ల ఎలుకల వంశం ప్రపంచమంతటా వ్యాపించింది. 2004లో ఎలుక జన్యుపటం ప్రచురితమైనది. మనిషి, చిట్టెలుకల తరువాత ఆ విధంగా జన్యుపటం తయారైన మూడవ క్షీరదం ఇదే.

శరీర నిర్మాణం

ఎదిగిన ఆడ ఎలుక సుమారు 250 నుండి 400 గ్రాములు, మగ ఎలుక సుమారు 350 నుండి 600 గ్రాములు బరువు ఉంటాయి. శరీరం 20 నుండి 25 సెంటీమీటర్ల పొడవు, తోక దానికంటే కొంచెం తక్కువ. సంరక్షణకు సంబంధించినంత వరకు తెలుసుకోవలసిన శరీర లక్షణాలు ఇవి.

* మొత్తం దంతాలు 16. వీటిలో ముందరి నాలుగు కుంతకాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడం ద్వారా ఇవి అరుగుతాయి. వాటి పసుపు, నారింజ రంగు సహజమైనదే, పాచి కాదు.
* ఎలుక వాంతి చేసుకోలేదు. విషాహారం లోపలికి పోతే దానిని బయటకు పంపే మార్గం లేదు. ఎలుకల మందులు అంత బాగా పనిచేయడానికి ఇది ఒక కారణం.
* ఎలుక ప్రధానంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. కావున దుమ్ము, ఘాటు వాసనలు దీనికి హానికరం.
* శరీరంలోని వేడిని ఎక్కువగా తోక, పాదాల ద్వారా బయటకు పంపుతుంది. మనిషివలె చెమట పట్టదు, కుక్కవలె వగర్చి చల్లబడలేదు.
* చూపు మందం. ఎర్ర కళ్ళ తెల్ల ఎలుకలలో మరీ మందం. ఇవి దూరాన్ని అంచనా వేయడానికి తలను అటూ ఇటూ ఊపుతాయి, దీనిని జబ్బుగా భావించరాదు. వాసన, వినికిడి, మీసాల స్పర్శ చాలా చురుకైనవి.
* కంటి వెనుక గల ఒక గ్రంథి నుండి పోర్ఫిరిన్ అనే ఎర్రని పదార్థం స్రవిస్తుంది. కళ్ళ చుట్టూ, ముక్కు వద్ద కనిపించే ఈ ఎరుపు రక్తం కాదు. అయితే ఇది అధికంగా కనిపిస్తే జబ్బుకో, ఒత్తిడికో సూచన.

రకాలు

పెంపుడు ఎలుకలన్నీ ఒకే జాతి. రంగు, మచ్చలు, వెంట్రుకలు, చెవుల ఆకారాన్నిబట్టి రకాలుగా విభజిస్తారు. అడవి రంగు గలదానిని అగౌటి అని, తల భుజాలు మాత్రమే రంగుగా ఉండి మిగిలిన శరీరం తెల్లగా, వీపుపై చారతో ఉండేదానిని హుడెడ్ అని అంటారు. వంకుల వెంట్రుకలు గలది రెక్స్. గుండ్రని పెద్ద చెవులు తల పక్కలకు దిగి ఉండేది డంబో. వెంట్రుకలు లేనివి, తోక లేనివి కూడా గలవు. వెంట్రుకలు లేనివాటికి చలి, గాయాల బెడద ఎక్కువ. తోక లేనివి వేడిని వెలువరించుటలోను, తూకం నిలుపుకొనుటలోను ఇబ్బంది పడతాయి. అందువలన మొదటిసారి పెంచేవారు, ముఖ్యంగా వేడి ప్రాంతాలవారు, మామూలు వెంట్రుకలు, తోక గల రకాన్ని తీసుకోవడం మంచిది. రంగునుబట్టి స్వభావం మారదు.

ఎంపిక

ఎన్ని పెంచాలి?

ఎలుక గుంపు జీవి. ఒకదానినొకటి శుభ్రం చేసుకోవడం, కలిసి నిద్రించడం, ఆటగా కుస్తీ పట్టడం వాటి నిత్యకృత్యం. యజమాని ఎంత ప్రేమగా చూసినా రాత్రి వేళ దానికి తోడు కాలేడు. కావున కనీసం రెండింటిని, రెండూ ఆడవి గాని రెండూ మగవి గాని, వీలైతే ఒకే ఈతలో పుట్టినవాటిని తీసుకోవాలి. రెండింటికి అయ్యే శ్రమ ఒకదానికి అయ్యే శ్రమ కంటే ఎంతో ఎక్కువేమీ కాదు.

ఆడవి సాధారణంగా చురుకైనవి, ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. మగవి పెద్దయ్యాక నెమ్మదిస్తాయి, ఒడిలో కూర్చోవడానికి ఇష్టపడతాయి, కానీ వెళ్ళిన చోటల్లా మూత్రపు చుక్కలతో గుర్తులు పెడతాయి. ఆడవాటిలో రొమ్ము కణితులు ఎక్కువ, మగవాటిలో ముసలితనపు వెనుక కాళ్ళ బలహీనత ఎక్కువ.

వయస్సు, లింగ నిర్ధారణ

పిల్లలు 3 నుండి 4 వారాలలో పాలు మానుతాయి. 5 నుండి 8 వారాల వయస్సులో తెచ్చుకోవడం మంచిది. ఈ వయస్సులో మగవాటి వృషణాలు తోక మొదట స్పష్టంగా కనిపిస్తాయి. ఆడవాటికి పొట్టపై ఆరు జతల చనుమొనలు ఉంటాయి, మగవాటికి ఉండవు. దుకాణంలో ఆడ మగ కలిపి ఉంచిన పంజరం నుండి తెచ్చిన ఆడ ఎలుక అప్పటికే చూలుతో ఉండవచ్చును. అమ్మేవారి మాటపై ఆధారపడక స్వయంగా చూసుకోవాలి. ఎలుక పిల్లకు శరీరంతో పోల్చితే తల, పాదాలు పెద్దవిగా, తోక మందంగా ఉంటాయి. ఎదిగిన చిట్టెలుకకు ఇలా ఉండవు. ఎలుకలు చిట్టెలుకలను చంపివేస్తాయి కనుక ఈ రెండింటిని ఒకే పంజరంలో ఎన్నడూ ఉంచరాదు.

ఆరోగ్య పరీక్ష

ఒక ఎలుకను చూసి నిర్ణయించరాదు, అది ఉన్న పంజరమంతటినీ చూడాలి. శ్వాసకోశ వ్యాధులు ఒకదాని నుండి మరొకదానికి గాలి ద్వారా సోకుతాయి. ఒకటి తుమ్ముతూ ఉంటే మిగిలినవాటికి కూడా సోకి ఉండే అవకాశం ఎక్కువ. పరిశీలించవలసిన అంశాలు:

# శ్వాస: ఎలుకను చెవి దగ్గర పెట్టుకొని వినాలి. ఆరోగ్యంగా ఉన్నదాని శ్వాస వినబడదు. గురక, కిటకిట శబ్దం, పిల్లికూత వినిపిస్తే తీసుకోరాదు.
# కళ్ళు, ముక్కు: మెరుస్తూ, పొడిగా ఉండాలి. ఎర్రని చారలు ఉండరాదు.
# తల: ఒకవైపుకు వాలి ఉంటే లోచెవి వ్యాధికి సూచన.
# దంతాలు: పై, కింది కుంతకాలు ఒకదానికొకటి సరిగా ఆనాలి.
# వెంట్రుకలు, చర్మం: నున్నగా ఉండాలి. పొక్కులు, కొరికిన గాయాలు, పేలు ఉండరాదు.
# మలద్వారం చుట్టూ తడి, మరకలు ఉండరాదు.
# నడక: నాలుగు కాళ్ళపై సమంగా నడవాలి. పాదాల అడుగున వాపు ఉండరాదు.
# స్వభావం: చేయి చాచినప్పుడు మొదట వెనుకాడినా కొద్దిసేపటికి వాసన చూడటానికి ముందుకు వచ్చేది మంచిది. మూలకు ఒదిగి కదలనిది భయపడుతున్నదో, జబ్బుతో ఉన్నదో అయి ఉంటుంది.

అమ్మేవారు ఎలుకను ఎలా పట్టుకుంటారో గమనించాలి. తోక చివర పట్టి వేలాడదీస్తే తోక చర్మం తొడుగువలె ఊడి వచ్చే ప్రమాదం ఉంది. అలా పట్టే చోట పెరిగిన ఎలుకలు మనిషి చేతికి భయపడతాయి. అనేక దేశాలలో దుకాణాలలోని ఎలుకలలో కొన్ని పాములకు ఆహారంగా పెంచినవి. వాటి పెంపకంలో ఆరోగ్యంపై శ్రద్ధ తక్కువ. తల్లిదండ్రులను చూపగలిగే పెంపకందారు వద్ద గాని, వదిలివేసిన జంతువులను ఆదరించే సంస్థల వద్ద గాని తీసుకోవడం మేలు. జబ్బు ఎలుకపై జాలితో కొనాలని అనిపించడం సహజమే. అయితే అప్పటికే ఇంట్లో ఎలుకలున్నవారు అలా చేస్తే వాటినీ ప్రమాదంలో పడవేసినవారవుతారు.

ఇంట్లో ముందే ఎలుకలుంటే కొత్తవాటిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ఆ తరువాత ఇరు పక్షాలకు కొత్తదైన చోటులో కొద్దిసేపు చొప్పున పరిచయం చేయాలి.

నివాసం

రెండు ఎలుకలకు సుమారు 80 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు, 80 సెం.మీ. ఎత్తు గల ఇనుప చువ్వల పంజరం సౌకర్యంగా ఉంటుంది. చువ్వల మధ్య ఎడం పిల్లలకు, ఆడవాటికి 1.25 సెం.మీ. మించరాదు. తల పట్టే సందులో నుండి ఎలుక శరీరమంతా దూరిపోగలదు. గాజు తొట్టెలు వాడరాదు. వాటిలో గాలి ఆడక మూత్రం నుండి వెలువడే అమ్మోనియా పేరుకొని ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

పంజరం అడుగు భాగం చదునుగా ఉండాలి. తీగల జల్లెడపై నిరంతరం నడిచే ఎలుకకు పాదాలు పుండ్లు పడతాయి. అడుగున కోళ్ళ ఫారాలలో లిట్టరు పరచినట్లు పీల్చే పదార్థం పరచాలి. కాగితపు గుళికలు, చింపిన కాగితం, నూలు గుడ్డ పీలికలు మంచివి. దేవదారు, పైన్ చెక్కల చిత్రిక పొట్టు నుండి వెలువడే ఘాటు రసాయనాలు శ్వాసకోశానికి, కాలేయానికి హాని చేస్తాయి. రంపపు పొట్టు, వరి ఊక చౌకగా దొరికినా వాటి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దాక్కోవడానికి మట్టికుండ, అట్టపెట్టె వంటివి, పడుకోవడానికి ఎత్తున కట్టిన గుడ్డ ఊయల, ఎక్కడానికి తాళ్ళు, కొరకడానికి చెక్క ముక్కలు ఉంచాలి. తిరిగే చక్రం ఉంచదలిస్తే 30 సెం.మీ. వ్యాసం గలది, చువ్వలు లేనిది ఎంచుకోవాలి. చిన్న చక్రంలో వెన్ను వంగిపోతుంది. తడిసిన భాగాన్ని ప్రతిరోజు తీసివేసి, వారానికొకసారి మొత్తం శుభ్రం చేయాలి. ఊయల లేదా కొంత పాత కాగితాన్ని మాత్రం ఉంచితే తమ వాసన పోయిందన్న కంగారు కలగదు.

వేసవి జాగ్రత్తలు

ఎలుకకు అనుకూలమైన ఉష్ణోగ్రత 18 నుండి 24 డిగ్రీల సెల్సియస్. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటే సందర్భాలు ఉన్నందున తెలుగు ప్రాంతాలలో పెంచేవారికి వేసవి పెద్ద పరీక్ష. ఐరోపా, అమెరికాలలో రాసిన సంరక్షణ పుస్తకాలు చలి గురించి ఎక్కువగా చెబుతాయి, ఇక్కడ ప్రాణాపాయం వేడి వలన.

పంజరాన్ని రేకుల కప్పు కింద, పై అంతస్తు గదిలో, పడమటి కిటికీ వద్ద ఉంచరాదు. మట్టికుండను తడిపి పక్కకు వాల్చి ఉంచితే ఎలుకలు అందులో పడుకుంటాయి. మంచుగడ్డ కట్టిన నీటి సీసాను గుడ్డలో చుట్టి పంజరంలో ఉంచవచ్చు. కరెంటు పోయినప్పుడు వెంటనే ఉపయోగపడేది ఇదే. ఎలుక బోర్లా సాగిలపడి, చొంగ కారుస్తూ వేగంగా శ్వాసిస్తుంటే వడదెబ్బ తగిలినట్లు గ్రహించాలి. అప్పుడు చల్లని చోటికి మార్చి, తోకకు పాదాలకు తడిగుడ్డ అద్ది, ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి. మంచునీటిలో ముంచరాదు.

ఆహారం

ఎలుక సర్వభక్షకం. ఆహారంలో ప్రధాన భాగం ప్రయోగశాల ఎలుకల కొరకు తయారుచేసే గుళికల వంటి సమతులాహారం కావడం మంచిది. గింజల మిశ్రమం ఇస్తే ఇష్టమైన గింజలను మాత్రమే ఏరుకొని తిని మిగిలినవి వదిలేస్తాయి. ఎదిగిన ఎలుకకు రోజుకు 15 నుండి 20 గ్రాముల ఆహారం సరిపోతుంది. నీరు రోజుకు శరీర బరువులో ప్రతి 100 గ్రాములకు సుమారు 10 మిల్లీలీటర్లు తాగుతుంది. వేసవిలో ఇంకా ఎక్కువ. గొట్టం చివర గోళీ ఉన్న సీసాలో నీరు పెట్టి, గోళీ కదులుతున్నదో లేదో రోజూ సరిచూడాలి.

గుళికలతో పాటు ఇవ్వదగినవి: ఉడికించిన జొన్నలు, రాగులు, అన్నం, ఉడికించిన పప్పు, కొద్దిగా ఉడికిన గుడ్డు, క్యారెట్టు, బీరకాయ, సొరకాయ, కీరదోస, తోటకూర, జామ, అరటి ముక్కలు. ఉప్పు, కారం, నూనె లేకుండా ఇవ్వాలి.

ఇవ్వకూడనివి:

* చాక్లెట్టు, సోడా పానీయాలు, ఊరగాయలు, తీపి పదార్థాలు.
* పచ్చి రాజ్మా, చిక్కుడు గింజలు. వీటిలోని విష పదార్థం బాగా ఉడికించినపుడే నశిస్తుంది.
* పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపలు.
* మగ ఎలుకలకు నారింజ, నిమ్మ తొక్కలు. వీటిలోని లిమొనీన్ అనే తైలం మగ ఎలుకల మూత్రపిండాలకు హాని చేస్తుందని ప్రయోగాలలో తేలింది. మగ ఎలుకలలో మాత్రమే ఉండే ఒక మాంసకృత్తు ఇందుకు కారణం. మనిషికి ఈ బాధ లేదు.
* గొంతులో అతుక్కొనే జిగురు పదార్థాలు. వాంతి చేసుకోలేని జీవి కనుక ఊపిరాడక పోవచ్చును.

అధిక ఆహారం వలన స్థూలకాయం, దాని వలన పాదాల పుండ్లు, కణితులు పెరుగుతాయి. పిల్లలు ముద్దుగా పెట్టే బిస్కట్లు ఇందుకు ముఖ్య కారణం.

ప్రవర్తన, మచ్చిక

ఎలుకలు సాయంత్రం, రాత్రి వేళలలో చురుకుగా ఉంటాయి. సంతోషంగా ఉన్నప్పుడు పళ్ళు కటకట కొరుకుతాయి. ఆ దవడ కదలికకు కనుగుడ్లు ముందుకూ వెనుకకూ ఆడుతాయి. మొదటిసారి చూసినవారు దీనికి భయపడతారు గాని ఇది సాధారణంగా హాయికి గుర్తు. అయితే నొప్పిలో కూడా పళ్ళు కొరుకుతాయి కనుక ఇతర లక్షణాలతో కలిపి చూడాలి. ఆటలో మనిషి చెవికి అందని సుమారు 50 కిలోహెర్ట్జ్ ధ్వనులను, భయంలో సుమారు 22 కిలోహెర్ట్జ్ ధ్వనులను చేస్తాయి. చక్కిలిగింతలు పెట్టినప్పుడు మొదటి రకం ధ్వనులు చేస్తాయని 1990ల చివరలో జాక్ పాంక్‌సెప్ బృందం అమెరికాలో కనుగొన్నది. 2019లో బెర్లిను శాస్త్రజ్ఞులు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పి, అవి ఆహారపు ఆశ లేకుండానే ఆడుతున్నట్లు ప్రకటించారు.

తెచ్చిన మొదటి రెండు రోజులు ఎలుకలను పంజరంలో అలవాటు పడనివ్వాలి. తరువాత చేతిలో చిన్న ఆహారపు ముక్క ఉంచి పిలవాలి. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, మరొక చేయి వెనుక కాళ్ళ కింద ఉండాలి. చువ్వల సందుల నుండి తిండి అందించరాదు, అలా చేస్తే లోపలికి వచ్చే వేలినల్లా తిండి అనుకొని కొరకడం అలవాటవుతుంది. ప్రతిరోజు కనీసం ఒక గంట పంజరం బయట ఆడుకోనివ్వాలి. ఆ గదిలో విద్యుత్ తీగలు, ఎలుకల మందు, జిగురు అట్టలు ఉండరాదు. పిల్లి, కుక్క రాకుండా తలుపు వేయాలి. ఇంట్లో వేరే ఎలుకల బెడద ఉన్నవారు మందు పెట్టక, ప్రాణం తీయని బోనులను వాడటం క్షేమకరం.

ప్రత్యుత్పత్తి

ఆడ, మగ ఎలుకలు 5 లేక 6 వారాలకే సంతానోత్పత్తి సామర్థ్యం పొందుతాయి. ఆడ ఎలుక ప్రతి 4, 5 రోజులకొకసారి ఎదకు వస్తుంది. గర్భకాలం 21 నుండి 23 రోజులు. ఒక ఈతలో పది పిల్లల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పుడతాయి. పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్ళు మూసుకొని పుడతాయి. సుమారు రెండు వారాలకు కళ్ళు తెరుస్తాయి. ఈనిన 24 గంటలలోపే తల్లి మరల చూలు కట్టగలదు. కావున ఒక జతను నిర్లక్ష్యంగా ఉంచిన ఇంటిలో కొద్ది నెలలలోనే సంఖ్య అదుపు తప్పుతుంది. ఈతలోని మగ పిల్లలను 5 వారాలకే వేరు చేయాలి. పుట్టబోయే పిల్లలన్నింటికి ఇళ్ళు ముందుగా నిశ్చయించుకోనివారు ఎలుకలను ఈనించరాదు.

వ్యాధులు

ఎలుక ప్రకృతిలో ఇతర జంతువులకు ఆహారం కనుక జబ్బును చివరి వరకు దాచుకుంటుంది. బయటకు తెలిసేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది. వారానికొకసారి తూకం వేసి రాసుకోవడం మంచి అలవాటు. బరువు తగ్గుదల తరచుగా తొలి సూచన.

* శ్వాసకోశ వ్యాధి: మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి అత్యధిక పెంపుడు ఎలుకలలో దాగి ఉంటుంది. దుమ్ము, అమ్మోనియా, ఒత్తిడి వలన విజృంభిస్తుంది. డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లోక్సాసిన్ వంటి మందులతో వైద్యులు అదుపు చేస్తారు, పూర్తిగా నిర్మూలించడం సాధ్యం కాదు.
* కణితులు: ఆడవాటిలో రొమ్ము కణితులు సాధారణం. చాలావరకు క్యాన్సరు కానివే అయినా పెరిగి నడకకు అడ్డు పడతాయి. చిన్నగా ఉన్నప్పుడే శస్త్రచికిత్స చేయించాలి. చిన్న వయస్సులో అండాశయాలు తొలగిస్తే వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పిట్యూటరీ గ్రంథి కణితి మరొకటి. ముందు కాళ్ళతో తిండి పట్టుకోలేకపోవడం దీని లక్షణం.
* పేలు, గజ్జి పురుగులు: గోకుడు, మెడ భుజాలపై పొక్కులు కనిపిస్తాయి.
* పాదాల పుండ్లు, పెరిగిన దంతాలు: పంజరం అడుగును, కొరికే వస్తువులను సరిచూసుకుంటే చాలావరకు నివారించవచ్చును.

మనుషుల మందులను అంచనాతో ఇవ్వరాదు. కొద్దిపాటి శరీర బరువుకు మోతాదు తప్పితే ప్రాణాంతకం. చిన్న జంతువులకు వైద్యం చేయగల పశువైద్యుని ఎలుకను తేకముందే కనుక్కోవాలి. హైదరాబాదులోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు విచారించదగిన చోట్లు.

మనుషులకు సోకే వ్యాధులు

పరిశుభ్రంగా పెంచిన ఎలుకల వలన ప్రమాదం తక్కువే గాని అసలు లేకపోలేదు. ఎలుక కాటు జ్వరం ఆరోగ్యంగా కనిపించే ఎలుక నోటిలో ఉండే బాక్టీరియా వలన కలుగుతుంది. కాటు తరువాత జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు వస్తే ఎలుకలను పెంచుతున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. సకాలంలో యాంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుంది, నిర్లక్ష్యం చేస్తే ప్రాణాంతకం కావచ్చును. లెప్టోస్పైరోసిస్ మూత్రం ద్వారా, సాల్మొనెల్లా మలం ద్వారా వ్యాపిస్తాయి. సియోల్ వైరస్ అనే హంటావైరస్ ఎలుకలో ఏ లక్షణమూ చూపదు. 2017లో అమెరికా, కెనడాలలో పెంపుడు ఎలుకల నుండి కొందరు మనుషులకు ఇది సోకింది.

నివారణ సులభం. ఎలుకను ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడగాలి. వంటగదిలో పంజరం ఉంచరాదు, అక్కడ దానిని కడగరాదు. పొడిగా ఊడ్చి దుమ్ము లేపక, క్రిమిసంహారక ద్రావణంతో తడిపి తుడవాలి. ఎలుకను ముద్దు పెట్టుకోరాదు. వీధి ఎలుకలు పంజరం దగ్గరకు రాకుండా చూడాలి. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంటిలో పెంచదలిస్తే ముందుగా వైద్యుని సంప్రదించాలి.

వార్ధక్యం

ఏడాదిన్నర దాటిన ఎలుక ముసలిదిగా పరిగణించబడుతుంది. వెనుక కాళ్ళు బలహీనపడతాయి. అప్పుడు పంజరంలోని ఎత్తులను తగ్గించి, తిండి, నీరు కిందనే ఉంచి, మెత్తని ఆహారం ఇవ్వాలి. తానే శుభ్రం చేసుకోలేని భాగాలను తడిగుడ్డతో తుడవాలి. బాధ తీరే మార్గం లేనపుడు పశువైద్యుని ద్వారా నొప్పిలేని మరణం కలిగించడం దయగల పనిగా పరిగణిస్తారు. జతలో ఒకటి మరణిస్తే మిగిలినదానికి తోడు కల్పించాలి. ఇంత తక్కువ ఆయుష్షు గల జంతువును పిల్లలకు ఇచ్చేటప్పుడు ఈ సంగతి ముందుగానే వారికి చెప్పడం ఉచితం.

పెంచలేనివారు వీటిని వీధిలోనో, పొలంలోనో వదలరాదు. తరతరాలుగా పంజరంలో పెరిగిన ఎలుకకు శత్రువులను గుర్తించడం గాని, ఆహారం వెతకడం గాని తెలియదు. దానికి అది విముక్తి కాదు, మరణశిక్ష.

చట్టాలు

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం 1950 నుండి ఎలుకల నిర్మూలన కార్యక్రమం అమలు చేస్తున్నది. అక్కడ పెంపుడు ఎలుకలను ఉంచుకోవడం కూడా నిషిద్ధం. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పెంపుడు ఎలుకలకు కూడా వర్తిస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాల నమోదు, అక్కడ జంతువుల వసతులకు సంబంధించిన నియమాలు 2018లో వెలువడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుకలను హానికర జంతువుల పట్టికలో చేర్చింది. 2022 సవరణతో ఆ పట్టిక తొలగించబడినది.

భారతదేశంలో ఎలుక

ఎలుక వినాయకుని వాహనం. రాజస్థాన్‌లోని దేశ్‌నోక్ పట్టణంలో కర్ణీమాత ఆలయంలో వేలాది ఎలుకలను పవిత్రంగా భావించి పోషిస్తారు. ఇవి నల్ల ఎలుకలు, మచ్చిక చేసిన పెంపుడు ఎలుకలు కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ విస్టార్ వంశపు ఎలుకలను దశాబ్దాలుగా పెంచుతూ పరిశోధనలకు వినియోగిస్తున్నది. వీటి నుండి 1990లలో సహజ ఉత్పరివర్తనం వలన పుట్టిన స్థూలకాయ ఎలుకల వంశం మధుమేహం, ఊబకాయాలపై పరిశోధనలకు ఉపయోగపడుతున్నది. ఇవి పరిశోధనకు ఉద్దేశించినవి, ఇళ్ళలో పెంచుకొనేందుకు కావు.

సాహిత్యం, చలనచిత్రాలు

ఆంగ్ల బాల సాహిత్య రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ శామీ అనే ఎలుకను పెంచింది. 1908లో ప్రచురించిన శామ్యూల్ విస్కర్స్ కథను దాని స్మృతికి అంకితమిచ్చింది. ఎలుక పాకశాస్త్ర ప్రవీణుడు కావడం ఇతివృత్తంగా 2007లో వచ్చిన రాటటూయీ అనే యానిమేషన్ చిత్రం ప్రపంచమంతటా ఆదరణ పొందింది.

ఇవి కూడా చూడండి

* ఎలుక
* చిట్టెలుక
* పందికొక్కు
* కుందేలు
* గినీ పిగ్
* జాతీయ పోషకాహార సంస్థ
* లెప్టోస్పైరోసిస్